చింతగింజలతో పోకర్: దూకుడు పందెం విలువ తేల్చే ప్రాజెక్టు డైరీ

దీపావళి తర్వాత

పోకర్ ఆడేవాళ్లంతా చెప్పే మాట ఒకటుంది: దూకుడుగా ఆడాలి. ఎందుకని అడిగితే, ఎదుటివాడు భయపడి ముక్కలు పడేస్తాడు అంటారు. సరే, ఆ భయం విలువ ఎంత? ఎవరి మీద పనిచేస్తుంది, ఎవరి మీద పనిచేయదు? ఇంటర్ పిల్లలకు సంభావ్యత పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి ఈ ప్రశ్నకు అంకెల్లో జవాబు కావాలనిపించింది. ఈ ప్రాజెక్టు అందుకే.

పని రెండు చోట్ల నడుస్తుంది. ఒకటి ల్యాప్‌టాప్ మీద, పైథాన్‌లో. అందులో నాకు తోడు మా అల్లుడు, అంటే అక్క కొడుకు, బీటెక్ మూడో ఏడు. రెండోది హన్మకొండ నయీంనగర్‌లో మా ఇంటి హాల్లో, చాప మీద, ఆదివారాలు. కాజీపేట రైల్వేలో పనిచేసే బావకు డ్యూటీ లేని ఆదివారం అక్కా బావా ఇద్దరూ వస్తారు.

డబ్బులు పెట్టి ఆడేది లేదని మొదటి రోజే అనుకున్నాం. తెలంగాణలో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2017లో సవరించి, నైపుణ్యం పేరుతో అంతకుముందు ఉన్న మినహాయింపు తీసేశారు. ఆన్‌లైన్‌లో డబ్బుతో ఆడటాన్నీ అందులోకే తెచ్చారు. 2025 ఆగస్టులో కేంద్రం చేసిన చట్టంతో ఆన్‌లైన్ డబ్బు ఆటలు దేశమంతా బంద్ అయినయి. చట్టం సంగతి పక్కన పెట్టినా, పత్తాలాటలో భూములు పోగొట్టుకున్న ఇండ్లు మా వైపు ఊరూరా ఉన్నయి. నాకు కావాల్సింది లెక్క. అమ్మ చింతపండు కొట్టేటప్పుడు తీసి పెట్టిన గింజలు డబ్బా నిండా ఉన్నయి, అవే మా చిప్స్, అంటే పందెం బిళ్లలు.

కార్తీక మాసం: మూడు ముక్కలు, ఆరు పంపకాలు

అసలు పోకర్‌తో మొదలుపెడితే లెక్క చేతికి దొరకదు. టెక్సాస్ హోల్డెమ్ అనే రకంలో చేతికి వచ్చే రెండు ముక్కల జతలే 1326. అందుకే అమెరికా గణిత శాస్త్రవేత్త హెరాల్డ్ కూన్ 1950లో రాసిన చిన్న పోకర్ తీసుకున్నాను. అందులో జాకీ, రాణి, రాజు, ఈ మూడు ముక్కలే ఉంటాయి. ఇద్దరు ఆటగాళ్లు, చెరొక గింజ ముందే పాట్‌లో, అంటే నడుమ కుప్పలో, వేస్తారు, చెరొక ముక్క తీసుకుంటారు. మొదటివాడు ఒక గింజ పందెం వేయొచ్చు, లేదా పందెం వేయకుండా చెక్ అనొచ్చు. పందెం పడితే ఎదుటివాడు ఒక గింజ వేసి షో అడగాలి, లేదా ప్యాక్ చేయాలి, అంటే ముక్క పడేసి పాట్ వదులుకోవాలి. మొదటివాడు చెక్ అన్నాక రెండోవాడు పందెం వేస్తే అదే అవకాశం మొదటివాడికి వస్తుంది. ఇద్దరూ చెక్ అంటే ముక్కలు తిప్పి చూసుకోవడమే, పెద్ద ముక్కదే పాట్.

పంపకాలు మొత్తం ఆరే. ఒక కాగితం మీద పట్టేస్తాయి. బ్లఫ్, అంటే చెత్త ముక్కతో పందెం వేసి భయపెట్టడం, చేయాలా వద్దా అనేది ఇంత చిన్న ఆటలో కూడా ఉంది. జాకీ ఎవరినీ ఓడించలేదు, కాబట్టి జాకీతో వేసే పందెం పచ్చి అబద్ధం. రాజు ఎవరికీ ఓడదు. నడుమ ఇరుక్కునేది రాణి. ఆట అంతా రాణి పట్టుకున్నవాడి తలనొప్పి చుట్టే తిరుగుతుంది.

కాగితం మీద మొదట ఇద్దరు ఊహా ప్రత్యర్థులను పెట్టి చూశాను. ఒకడు చేతిలో రాజు ఉంటే తప్ప పందేనికి ఎదురు నిలవడు. తను పందెం వేసేది కూడా రాజుతోనే. ఇంకొకడు ఏ ముక్క ఉన్నా షో అడుగుతాడు, తనంతట తాను మాత్రం పందెం వేయడు. ఇద్దరి మీదా మొదట ఆడేది నేనే.

భయస్తుడి మీద జాకీతో బ్లఫ్ లేకుండా ఆడితే ఆరు పంపకాల్లో కలిపి నాకు మిగిలేది సున్నా. జాకీ వచ్చిన ప్రతిసారీ పందెం వేస్తే వాడు రాణి పడేస్తాడు, ఆరు పంపకాలకు ఒక గింజ లాభం. ఎప్పుడూ షో అడిగేవాడి మీద లెక్క సరిగ్గా తిరగబడింది. రాజుతో మాత్రమే పందెం వేసి, జాకీతో చెక్ అంటే ఆరు పంపకాలకు రెండు గింజలు లాభం. అదే జాకీతో కూడా పందెం వేస్తే ఆ రెండు గింజలూ పోయి మళ్లీ సున్నా.

అంటే దూకుడుకు దానంతట దానికి ధర లేదు, ప్రత్యర్థిని బట్టే ధర. ఒకడి దగ్గర అబద్ధం గింజలు తెస్తుంది. ఇంకొకడి దగ్గర నిజం చెప్పి పందెం వేస్తేనే గింజలు వస్తాయి, పైగా ఎక్కువ వస్తాయి. ఇద్దరి దగ్గరా నష్టపోయేది మాత్రం రాజు పట్టుకుని కూడా చెక్ అంటూ నక్కి కూర్చునేవాడే. భయస్తుడి దగ్గర వాడికి బ్లఫ్ లాభం పోతుంది, షో అడిగేవాడి దగ్గర రాజు తేవాల్సిన గింజలు పోతాయి.

డిసెంబరు: ప్రోగ్రాం తనంతట తాను బ్లఫ్ నేర్చుకుంది

ఎదుటివాడు ఎలాంటివాడో తెలియనప్పుడు ఏం చేయాలి? ఇక్కడే ప్రోగ్రాం అవసరం పడింది. వాడిన పద్ధతి 2007లో కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రచురించినది. ప్రతి ఆట తర్వాత ప్రోగ్రాం వెనక్కి చూసుకుంటుంది: ఇక్కడ పందెం బదులు చెక్ అని ఉంటే ఎన్ని గింజలు ఎక్కువ వచ్చేవి? ఆ తేడాను ఖాతాలో రాసుకుంటుంది. ఏ ఎత్తు ఆడనందుకు ఎక్కువ బాధ పేరుకుందో ఆ ఎత్తు వైపు తర్వాతి ఆటలో కొంచెం ఎక్కువ మొగ్గుతుంది. పోకర్ అంటే ఏమిటో, బ్లఫ్ అంటే ఏమిటో ఆ కోడ్‌లో ఒక్క ముక్క లేదు. ఆట నియమాలు, ఈ ఖాతా, అంతే.

ఇద్దరు ఆటగాళ్లకూ కలిపి ఆటలో నిర్ణయం తీసుకోవాల్సిన పరిస్థితులు పన్నెండే కాబట్టి మామూలు ల్యాప్‌టాప్ చాలు. రాత్రి భోజనాలయ్యాక అల్లుడు లక్ష విడతలకు పెట్టి రన్ చేశాడు. తెర మీద పడిన అంకెలు చూసి ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.

మొదట ఆడేవాడు జాకీతో పందెం వేసే వాటా 0.21, అంటే నూటికి 21 సార్లు. రాజుతో 0.63. రాణితో దాదాపు సున్నా.

"మామా, దీనికి మనం అబద్ధం నేర్పలేదు గదా," అన్నాడు అల్లుడు.

నిజంగానే నేర్పలేదు. తనతో తాను లక్ష సార్లు ఆడి, అన్నిటికన్నా పనికిమాలిన ముక్కతో పందెం వేయాలని అదే తేల్చుకుంది. అదీ రాణితో కాదు, జాకీతో. మామూలు మనిషి అబద్ధమాడాలంటే ఓ మోస్తరు ముక్కతో ఆడతాడు, మరీ చెత్తతో ధైర్యం చేయడు. కానీ రాణికి చెక్ అని ముక్క తిప్పినా కొన్నిసార్లు గెలుపు ఉంది. రాణితో పందెం వేస్తే జాకీ పారిపోతుంది, రాజు నిలబడి కొడుతుంది. జాకీకి పోయేదేమీ లేదు. షోలో ఎలాగూ ఓటమే, గెలవాలంటే ఎదుటివాడు ప్యాక్ చేయడం ఒక్కటే దారి.

ఇక 0.21, 0.63. రెండోది మొదటిదానికి సరిగ్గా మూడింతలు. కూన్ నిరూపించిన సమతౌల్యంలోనూ, అంటే ఎవరు పద్ధతి మార్చుకున్నా లాభం లేని ఆటలోనూ, ఇదే ఉంది: జాకీ వాటా సున్నా నుంచి మూడో వంతు దాకా ఎంతైనా ఉండొచ్చు, రాజు వాటా మాత్రం దానికి మూడింతలు ఉండాలి. ఎందుకు మూడింతలే? రాణి పట్టుకున్నవాడి వైపు నుంచి చూడాలి. పాట్‌లో రెండు గింజలు ఉన్నాయి, నేను ఒకటి వేశాను, మూడయ్యాయి. వాడు ఒక గింజ పెట్టి మూడు గెలవొచ్చు. నా నాలుగు పందేల్లో ఒకటి జాకీ, మూడు రాజు అయితే, షో అడిగిన నాలుగు సార్లలో వాడు ఒకసారి మూడు గింజలు గెలుస్తాడు, మూడు సార్లు ఒక్కో గింజ పోగొట్టుకుంటాడు. మిగిలేది సున్నా. షో అడిగినా, ప్యాక్ చేసినా వాడికి ఒకటే. నేను బ్లఫ్ అంతకన్నా పెంచితే వాడు ప్రతిసారీ షో అడిగి లాభపడతాడు. తగ్గిస్తే వాడు హాయిగా ప్యాక్ చేసుకుంటూ పోతాడు, నా రాజుకు రావాల్సిన గింజ రాదు.

ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా విలువైన ముక్క ఇదే. బ్లఫ్ ఉన్నది ఆ ఒక్క పాట్‌ను దొంగిలించడానికే కాదు, మంచి ముక్క వచ్చినప్పుడు ఎదుటివాడి చేత గింజ వేయించడానికి కూడా. ఎప్పుడూ నిజమే చెప్పేవాడి పందేనికి ఎవరూ ఎదురు రారు.

ఇంకో అంకె కూడా రాసుకోవాలి. ఇద్దరూ తప్పు లేకుండా ఆడితే మొదట ఆడేవాడికి ఆటకు 1/18 గింజ నష్టం. తెర మీద -0.0556 అని పడింది. ముక్కలు ఇద్దరికీ సమానమే, తేడా వంతులోనే ఉంది. రెండోవాడు మొదటివాడి మాట విని ఆడతాడు, ఆ వినడానికే అంత ధర. మొదటివాణ్ణి పిరికివాడిగా మార్చి, అంటే పందెం అసలు వేయకుండా, రాజు ఉంటేనే ఎదురు నిలిచేలా కట్టేసి, రెండోవాడికి ఆ బలహీనత తెలిసేలా పెడితే నష్టం 1/6కు పెరిగింది. మూడింతలు. పిరికితనం ధర అడిగాను, వచ్చింది.

సంక్రాంతి సెలవులు: చాప మీద పరీక్ష

ఇప్పుడు అసలు హోల్డెమ్. చేతికి రెండు ముక్కలు, నడుమ అందరికీ కలిపి అయిదు ముక్కలు, నాలుగు దఫాల పందెం. అల్లుడు నోట్‌బుక్ పట్టుకుని పక్కన కూర్చున్నాడు. ఎవరు ఎంత పందేనికి ప్యాక్ చేశారు, ఎవరు షో దాకా వచ్చారు, అదే రాయాలి. గెలుపోటములు రాయొద్దని ముందే చెప్పాను. కొన్ని ఆటల గెలుపోటముల్లో అదృష్టమే ఎక్కువ కనిపిస్తుంది, అలవాటు మాత్రం త్వరగా బయటపడుతుంది.

బావ రమ్మీ మనిషి. రమ్మీలో మొదటే డ్రాప్ అయితే 20 పాయింట్లతో బయటపడొచ్చు, నడుమ డ్రాప్‌కు 40, చివరిదాకా ఉండి పడితే 80 దాకా పోతుంది. ఏళ్ల తరబడి ఆ లెక్కలో ఆడిన మనిషికి చెడ్డ ముక్క చూడగానే చెయ్యి వెనక్కి వస్తుంది. పాట్‌కు సమానంగా పందెం పడితే బావ పదిసార్లలో ఆరేడు సార్లు ప్యాక్. అక్క అందుకు పూర్తిగా వేరు. "ఏందో చూద్దాం తియ్‌రా" అంటది, గింజలు నెడుతది. కాగితం మీద నేను ఊహించి రాసిన ఇద్దరూ ఎదురుగా వచ్చి కూర్చున్నట్టే అయింది.

ఒక ఆట వివరంగా రాస్తాను. మిగిలినవాళ్లు తప్పుకున్నారు, నేనూ బావా మిగిలాం. నా చేతిలో ఇస్పేటు తొమ్మిది, ఇస్పేటు ఎనిమిది. నడుమ తెరిచిన మూడు ముక్కలు ఇస్పేటు రాజు, ఇస్పేటు నాలుగు, ఆఠీను ఏడు. పాట్‌లో 40 గింజలు. నా దగ్గర ప్రస్తుతానికి ఏమీ లేదు, ఇంకో ఇస్పేటు పడితే ఫ్లష్, అంటే అయిదు ఇస్పేట్లు, గట్టి చెయ్యి. కనపడని ముక్కలు 47, అందులో ఇస్పేట్లు 9. ఇంకా రెండు ముక్కలు తెరవాలి కాబట్టి ఫ్లష్ పడే అవకాశం 35 శాతం. తొమ్మిదో ఎనిమిదో జత పడినా గెలవొచ్చు గానీ దాన్ని లెక్కలో వేసుకోలేదు.

బావ చెక్ అన్నాడు. నేనూ చెక్ అని, చివరిదాకా పందెం లేకుండా పోతే నా వాటా 40లో 35 శాతం, అంటే 14 గింజలు. ఇప్పుడే 40 గింజలు, అంటే నా ముందున్నవన్నీ పెడితే? బావ ప్యాక్ చేస్తే 40 నావి. ఎదురు వస్తే 35 శాతం సార్లు 80 గెలుస్తాను, 65 శాతం సార్లు 40 పోతాయి: 28 లోంచి 26 తీస్తే 2 గింజలు. అంటే ఎదురు వచ్చినా సగటున నష్టం లేదు. బావ మూడోవంతు కన్నా కాస్త తక్కువ సార్లు, సరిగ్గా చెప్పాలంటే 32 శాతం, ప్యాక్ చేసినా చాలు, పందెం విలువ 14 దాటుతుంది. నోట్‌బుక్ ప్రకారం బావ అరవై శాతానికి పైనే ప్యాక్ చేస్తాడు. అరవై అనుకున్నా విలువ దాదాపు 25 గింజలు.

నలభై గింజలూ నెట్టాను. బావ తన ముక్కలు మళ్లీ చూసుకున్నాడు, నడుమ రాజు వైపు చూశాడు.

"రాజు నీ దగ్గరున్నట్టుంది బామ్మర్దీ. ప్యాక్."

పడేస్తూ తిప్పి చూపించాడు. డైమను రాణి, కళావరు ఏడు. ఏడ్ల జత, ఆ క్షణానికి నాకన్నా పైన ఉన్న చెయ్యి.

ఇదే ముక్కలతో అక్క ఎదురుగా ఉంటే పందెం విలువ 2 గింజలు, చెక్ విలువ 14. అక్క మీద అక్కడ చెక్ అనడమే సరైన ఆట. ముక్కలు ఒకటే, పాట్ ఒకటే, ఎదురుగా కూర్చున్న మనిషి మారితే జవాబు మారుతుంది. అక్కకు మంచి చెయ్యి పడినప్పుడే పెద్ద పందెం వేయాలి, అది కూడా సిగ్గుపడకుండా. మామూలుగా మనం సగం పాట్ వేసి ఆగే చోట అక్క మీద పాట్ మొత్తం వేయొచ్చు, షో అడుగుతుంది. దూకుడు అంటే బ్లఫ్ అనే అనుకుంటారు చాలామంది. గుర్తు చేసుకుంటే అక్క దగ్గర నాకు వచ్చిన గింజలన్నీ మంచి ముక్కలతో గట్టిగా వేసిన పందేలవే.

కనుమ రోజు చుట్టాలు వచ్చి చాప నిండింది. ఆ రోజు బ్లఫ్‌లు దాదాపు ఆపేశాను. ఒక్కొక్కరూ అరవై శాతం ప్యాక్ చేసేవాళ్లే అనుకున్నా, ఇద్దరూ ప్యాక్ చేసే అవకాశం 36 శాతం, ముగ్గురూ చేసేది 22 శాతం కూడా కాదు. జనం పెరిగే కొద్దీ ఒట్టి బ్లఫ్ చచ్చిపోతుంది.

జాతర తర్వాత: పందెం సైజు

మేడారం జాతర స్పెషల్ రైళ్ల రద్దీలో బావకు సెలవు దొరకలేదు, ఆదివారాలు ఆగాయి. ఆ ఖాళీలో పందెం సైజు మీద కూర్చున్నాం.

ఒట్టి బ్లఫ్ గిట్టుబాటు కావాలంటే ఎదుటివాడు ఎంత శాతం ప్యాక్ చేయాలి? పందేన్ని, పాట్ ప్లస్ పందెంతో భాగిస్తే వస్తుంది. సగం పాట్ వేస్తే మూడోవంతు సార్లు, పాట్ అంత వేస్తే సగం సార్లు, పాట్‌కు రెండింతలు వేస్తే మూడింట రెండు వంతులు. కూన్ ఆటలో పాట్ రెండు, పందెం ఒకటి, అంటే సగం పాట్, మూడోవంతు. ప్రోగ్రాం అంకెల్లో వెతికితే అక్కడా అదే దొరికింది: రెండోవాడు రాజుతో ఎప్పుడూ నిలబడతాడు, రాణితో మూడోవంతు నిలబడతాడు, కాబట్టి నా జాకీ పందేనికి సరిగ్గా మూడోవంతు సార్లు ప్యాక్ చేస్తాడు. సూత్రం నేను కోడ్‌లో పెట్టలేదు, అదే వచ్చి చేరింది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. పందెం పెద్దదయ్యే కొద్దీ షో అడిగేవాడికి ఖర్చు పెరుగుతుంది, అందుకే పెద్ద పందేల్లో బ్లఫ్ వాటా ఎక్కువ పట్టొచ్చు. సగం పాట్ పందేల్లో నాలుగోవంతు బ్లఫ్, పాట్ అంత పందేల్లో మూడోవంతు, రెండింతల పందేల్లో నూటికి నలభై. 2017 జనవరిలో పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్ల లిబ్రాటస్ అనే ప్రోగ్రాం నలుగురు ప్రొఫెషనల్స్‌తో 1,20,000 ఆటలు ఆడి గెలిచింది. పాట్‌ను మించిపోయే పందేలతో అది వాళ్లను బాగా ఇబ్బంది పెట్టింది. ఆ పెద్ద పందెం వెనక చాలా మంచి చెయ్యి ఉండొచ్చు, ఏమీ లేకపోవచ్చు. నడిమి ముక్క పట్టుకున్నవాడికి ఊపిరాడదు. మన రాణి కథే అది, పెద్ద బల్ల మీద.

సెలవు దొరికాక బావ వచ్చాడు. నోట్‌బుక్ చూపించాను, ఏడ్ల జత లెక్కతో సహా. చాలాసేపు చూశాడు.

"అంటే నేను సగం సార్లు నిలబడితే నీ ఆట బంద్ అయితదన్నట్టు."

"ఉత్త బ్లఫ్ అయితే బంద్ అయితది బావా, పాట్ అంత పందేనికి."

"మరి ఏ చేతులతోని నిలబడాలె?"

మంచి ప్రశ్న. సగం సార్లు నిలబడాలంటే తన చేతుల్లో మెరుగైన సగం ఏదో తెలియాలి. నడుమ పడిన ముక్కలను బట్టి అది మారుతుంది. కూన్ ఆటలో ఒకటే దఫా పందెం, నడుమ ముక్క లేదు, కాబట్టి దీనికి అది చాలదు. అల్లుడు లెడక్ పోకర్ మొదలుపెట్టాడు: రెండు జాకీలు, రెండు రాణులు, రెండు రాజులు, రెండు దఫాల పందెం, నడుమ ఒక ముక్క తెరుస్తారు. కోడ్‌లో పంపకం, జత చూసే భాగం అయిపోయాయి, రెండో దఫా పందెం రాస్తున్నాడు. వచ్చే ఆదివారానికి చాప మీద బావ జతలు ఏవి, ఒంటి ముక్కలు ఏవి అని విడివిడిగా రాసేలా నోట్‌బుక్‌లో గళ్లు గీశాను.